ఒకే కోడు, 5 ప్రాసెసర్లు: క్రాస్ బిల్డ్, పరీక్షల వ్యవస్థ – ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ ఒక ఓపెన్ సోర్స్ సి లైబ్రరీకి సంబంధించినది. కొలతల రికార్డులను బైనరీ ఫైళ్లలో రాయడం, తిరిగి చదవడం ఆ లైబ్రరీ పని. దానికి 214 పరీక్షలున్నాయి; అవన్నీ ఎక్స్86-64 యంత్రంలో మాత్రమే నడిచేవి. ఇతర ప్రాసెసర్లపై వాడేవారు పంపిన ఫిర్యాదుల్లో మూడింటిని నా యంత్రంలో ఎంత ప్రయత్నించినా తిరిగి రప్పించలేకపోయాను. ఈ పని, అంటే నా యంత్రంలోనే ఇతర ప్రాసెసర్ల కోసం లైబ్రరీని తయారుచేసి (క్రాస్ బిల్డ్) పరీక్షించడం, అక్కడ మొదలైంది. ఏది పనిచేయలేదో, ఎంత సమయం పట్టిందో, ఏ నిర్ణయాన్ని ఎందుకు మార్చుకున్నానో రాసి పెడుతున్నాను. ఇదే పని తలపెట్టినవారికి కనీసం ఆ తప్పులు తప్పుతాయి.

ప్రాసెసర్లను వాటి ప్రాచుర్యాన్ని బట్టి ఎంచుకోలేదు. ఒక్కొక్కటి ఏ లోపాన్ని బయటపెట్టగలదో చూసి ఎంచుకున్నాను.

1. ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ప్రాసెసర్): 64 బిట్లు, బిగ్ ఎండియన్, అంటే సంఖ్యలోని పెద్ద విలువ బైటు ముందు వస్తుంది; ఎక్స్86-64 లిటిల్ ఎండియన్, అక్కడ చిన్న విలువ బైటు ముందు. బైట్ల క్రమంలోని తప్పుల కోసం.
2. 32-బిట్ ఆర్మ్: పాయింటర్లు, సైజులు, సమయం, ఫైలు స్థానాల వెడల్పులో దొర్లే తప్పుల కోసం.
3. రిస్క్-ఫైవ్ 64: అటామిక్ క్రియలు (మధ్యలో మరో పని చొరబడలేనివి), పాత టూల్‌చెయిన్ల (కంపైలర్, లింకర్ వంటి పనిముట్ల) ఇబ్బందుల కోసం.
4. ఆర్మ్64: వాడేవారు ఎక్కువగా ఉన్నది ఇక్కడే కాబట్టి.

అయిదోది ఇప్పటికే ఉన్న ఎక్స్86-64. నేను వాడిన యంత్రంలో 8 కోర్లు, 16 జీబీ మెమరీ ఉన్నాయి.

దశ 1: అంతా ఎమ్యులేటర్‌లోనే నడిపిన తప్పు

మొదటి అమరికలో ఎస్390ఎక్స్ కంటెయినర్‌ను (సొంత ఫైళ్లతో విడిగా నడిచే లినక్స్ వాతావరణాన్ని) క్యూఎము యూజర్ మోడ్ ద్వారా, అంటే ఒక ప్రాసెసర్ ఆదేశాలను మరోదానిపై అనుకరించే ఎమ్యులేటర్ ద్వారా నడిపి, కంపైలర్‌ను కూడా అందులోనే నడిపించాను. పరాయి ప్రాసెసర్ కోసం తయారైన ఫైలు కనిపించగానే కెర్నెల్ దాన్ని ఎమ్యులేటర్‌కు అప్పగించేలా బిన్‌ఎఫ్‌ఎంటీ-మిస్క్‌లో నమోదు చేయాలి. ఆ నమోదు దగ్గరే ఒక పూట పోయింది. కంటెయినర్ లోపల ఏ ఆదేశం ఇచ్చినా "అలాంటి ఫైలు లేదు" అనే సందేశం వచ్చేది; చూస్తే ఆ ఫైలు అక్కడే ఉండేది. నిజానికి లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని నడపాల్సిన ఎమ్యులేటర్. నమోదు చేసిన ఎమ్యులేటర్ ఫైలు దారిని కెర్నెల్ కంటెయినర్ లోపలి ఫైల్ సిస్టంలో వెతుకుతోంది. నమోదు వరుస చివర "ఎఫ్" గుర్తు పెడితే, కెర్నెల్ నమోదు సమయంలోనే ఎమ్యులేటర్‌ను తెరిచి పట్టుకుని ఉంచుతుంది. ఆ తర్వాత ఏ కంటెయినర్‌లోనైనా అది పనిచేస్తుంది. ఈ సదుపాయం లినక్స్ 4.8 నుంచి ఉంది.

ఆ చిక్కు తీరాక సమయాలను కొలిచాను.

– ఎక్స్86-64లో నేరుగా బిల్డ్: 1 నిమిషం 50 సెకన్లు
– ఎమ్యులేటర్ లోపల ఎస్390ఎక్స్ బిల్డ్: 31 నిమిషాలు
– ఎమ్యులేటర్‌లో పరీక్షలు: 6 నిమిషాల 20 సెకన్లు

ఆలస్యంలో అధిక భాగం పరీక్షలది కాదు, కంపైలర్‌ది. కంపైలర్‌ను అనుకరించడం వల్ల ఈ లైబ్రరీ గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు. కాబట్టి కంపైలర్‌ను నా యంత్రంలోనే క్రాస్ కంపైలర్‌గా నడిపి, తయారైన పరీక్షలను మాత్రమే ఎమ్యులేటర్‌కు ఇవ్వాలని నిర్ణయించాను. బిల్డ్ సమయం 31 నిమిషాల నుంచి 2 నిమిషాల 10 సెకన్లకు తగ్గింది.

దశ 2: క్రాస్ బిల్డ్‌లోకి చొరబడిన సొంత యంత్రం

క్రాస్ బిల్డ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది విఫలమయ్యే బిల్డ్ కాదు, విజయవంతమయ్యే తప్పుడు బిల్డ్. మొదటి ప్రయత్నంలో 32-బిట్ ఆర్మ్ లైబ్రరీ ఏ హెచ్చరికా లేకుండా తయారైంది. పరీక్షల్లో మాత్రం 40కి పైగా అర్థంకాని రీతిలో కుప్పకూలాయి. రెండు రోజులు కోడులో వెతికాక తెలిసిన కారణం ఇది: లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్‌ఫిగ్ నా యంత్రంలోని హెడర్ల (రకాలను, ఫంక్షన్లను ప్రకటించే ఫైళ్ల) దారిని ఇచ్చింది, "లాంగ్" పరిమాణం 8 బైట్లని అక్కడి హెడర్ చెప్పింది, 32-బిట్ ఆర్మ్‌లో అది 4 బైట్లు. లింక్ దశలోనైతే తప్పు ప్రాసెసర్ లైబ్రరీని లింకర్ తిరస్కరించేది. హెడర్ ఫైలు వట్టి పాఠం కాబట్టి దాన్ని ఆపేవారెవరూ లేరు.

సరిచేసిన విధానం:

1. బిల్డ్‌ను నడిపించే సీమేక్‌కు ఇచ్చే టూల్‌చెయిన్ ఫైలులో వ్యవస్థ పేరును, ప్రాసెసర్ పేరును రెంటినీ స్పష్టంగా రాయాలి.
2. వెతుకులాట నియమాల్లో ప్రోగ్రాములను సొంత యంత్రంలోనే, లైబ్రరీలను, హెడర్లను సిస్‌రూట్‌లోనే (లక్ష్య ప్రాసెసర్ ఫైళ్లున్న డైరెక్టరీలోనే) వెతకాలని నిర్దేశించాలి.
3. పీకేజీ-కాన్‌ఫిగ్‌కు లైబ్రరీల డైరెక్టరీని పూర్తిగా మార్చి ఇవ్వాలి. అదనపు దారిని మాత్రమే ఇస్తే పాత దారులు కూడా అలాగే ఉంటాయి. నేను చేసిన తప్పు ఇదే.
4. బిల్డ్ ముగిశాక ప్రతి ఈఎల్‌ఎఫ్ (లినక్స్ ప్రోగ్రాములు, లైబ్రరీల ఫార్మాట్) ఫైలు శీర్షికలో, సున్నా నుంచి లెక్కిస్తే 18వ స్థానం దగ్గరున్న యంత్ర సంఖ్యను తనిఖీ చేయాలి. ఆర్మ్ 32కు 40, ఎక్స్86-64కు 62, ఆర్మ్64కు 183, రిస్క్-ఫైవ్‌కు 243, ఎస్390ఎక్స్‌కు 22.

నాలుగో అడుగు కోసం రాసిన స్క్రిప్టు 30 వరుసలకు మించదు. అయితే ఆ స్క్రిప్టు మొదటి రూపమే ఎస్390ఎక్స్ ఫైళ్లన్నీ తప్పని చెప్పింది, ఎందుకంటే ఆ శీర్షికలోని సంఖ్య కూడా ఫైలు సొంత బైట్ల క్రమంలోనే ఉంటుంది. 5వ స్థానంలోని బైటు 1 అయితే లిటిల్ ఎండియన్, 2 అయితే బిగ్ ఎండియన్. ముందు దాన్ని చదివి, ఆ తర్వాతే యంత్ర సంఖ్యను చదవాలి.

రెండో చొరబాటు ఇంతకన్నా లోతైనది. బిల్డ్ మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాము తయారై, అది నడిచి, డేటా చెడిందో లేదో చూడటానికి వాడే సీఆర్‌సీ పట్టికను ఒక బైనరీ ఫైలుగా రాసి, ఆ ఫైలును లైబ్రరీలో చేరుస్తుంది. క్రాస్ బిల్డ్‌లో ఆ ప్రోగ్రాము కూడా పరాయి ప్రాసెసర్ కోసమే తయారవుతుంది కాబట్టి నిజానికి అది నడవకూడదు. మొదటి దశలో చేసిన బిన్‌ఎఫ్‌ఎంటీ-మిస్క్ నమోదు ఇంకా ఉండటం వల్ల నా యంత్రంలో అది నిశ్శబ్దంగా నడిచింది. నమోదు లేని మరో యంత్రంలో మొదటి నిమిషంలోనే బిల్డ్ ఆగిపోయింది. అప్పుడు తొందరపడి ఆ ప్రోగ్రామును సొంత యంత్రం కోసం తయారుచేయించాను. బిల్డ్ ముగిసింది కానీ, పట్టిక లిటిల్ ఎండియన్ క్రమంలో ఎస్390ఎక్స్ లైబ్రరీలోకి వెళ్లింది. ఆ సంగతి తర్వాతి దశలో గానీ బయటపడలేదు.

ఇప్పుడు అనుసరిస్తున్న నియమాలు రెండు: క్రాస్ బిల్డ్ చేసే యంత్రంలో బిన్‌ఎఫ్‌ఎంటీ-మిస్క్ నమోదులను తొలగిస్తాను; పరీక్షలను నడపడానికి ఎమ్యులేటర్ పేరును, సిస్‌రూట్ దారిని సీమేక్‌కు క్రాస్ కంపైలింగ్ ఎమ్యులేటర్ చలరాశి ద్వారా చెబుతాను. ఎమ్యులేటర్ ఎక్కడ నడుస్తోందో బిల్డ్ ఫైలులో కంటికి కనబడాలి.

దశ 3: 62 వైఫల్యాల వర్గీకరణ

రిస్క్-ఫైవ్ లింక్ కాలేదు (దాని సంగతి కింద వస్తుంది). దాన్ని తాత్కాలికంగా దాటించి, నాలుగు పరాయి ప్రాసెసర్లపై 214 పరీక్షలనూ నడిపాను.

– ఆర్మ్64: 5 వైఫల్యాలు
– 32-బిట్ ఆర్మ్: 11
– రిస్క్-ఫైవ్ 64: 5
– ఎస్390ఎక్స్: 41

మొత్తం: 62.

బైట్ల క్రమం. ఎస్390ఎక్స్‌లోని 41లో 31 ఒకే ఫంక్షన్ నుంచి వచ్చాయి. ఫైలు శీర్షికను మెమరీలోకి తెచ్చి, ఆ చిరునామాను 32-బిట్ పూర్ణాంక పాయింటర్‌గా మార్చి చదివే ఫంక్షన్ అది. నాలుగు బైట్లను విడివిడిగా చదివి, షిఫ్టులతో కలిపే రూపానికి మార్చాను. వేగం తగ్గుతుందని సమీక్షలో అభ్యంతరం వచ్చింది. ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేసి ఆదేశాలను చూపించాను: ఎక్స్86-64లో జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ ఆ షిఫ్టుల వరుసను గుర్తించి ఒకే లోడ్ ఆదేశంగా మార్చాయి. ప్రాసెసర్‌ను బట్టి వేర్వేరు కోడు ఎంచుకునే షరతులు ఒక్కటి కూడా రాయనవసరం రాలేదు. ఇంకో 5 వైఫల్యాలు పైన చెప్పిన సీఆర్‌సీ పట్టికవి. పట్టికను బైట్లుగా కాక, సంఖ్యలున్న సి పాఠంగా రాయించడంతో అవి పోయాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది విఫలమైన పరీక్షలు కావు, ఎస్390ఎక్స్‌లో నెగ్గిన 173లో ఉన్న 58 పరీక్షలు. అవన్నీ "రాసి, తిరిగి చదివి, పోల్చి చూసే" పరీక్షలు. రాసే ఫంక్షన్ తప్పు క్రమంలో రాసింది, చదివే ఫంక్షన్ అదే తప్పు క్రమంలో చదివింది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. లోపాన్ని పట్టినవి రిపాజిటరీలో ముందే భద్రపరచిన నమూనా ఫైళ్లతో పోల్చిన పరీక్షలు మాత్రమే. అందువల్ల ఆ 58 పరీక్షల్లో ప్రతి దానికీ ఎక్స్86-64లో తయారైన ఒక నమూనా ఫైలు, ఎస్390ఎక్స్‌లో సరిదిద్దిన తర్వాత తయారైన ఒక నమూనా ఫైలు చేర్చాను. రెండూ బైటు బైటుకూ సమానం కావాలి.

లెక్క: 62 – 31 – 5 = 26.

క్యార్ గుర్తు. నాలుగు ప్రాసెసర్లలోనూ అవే 3 పరీక్షలు విఫలమయ్యాయి. ఒక అక్షరాన్ని "క్యార్" రకంలో దాచి, దాన్ని –1తో పోల్చే లూపు ఆగకుండా తిరుగుతోంది. "క్యార్" రకానికి రుణ సంఖ్యలు ఉంటాయా లేదా అన్నది సి ప్రమాణం అమలుకే వదిలేసింది. లినక్స్‌పై ఎక్స్86-64లో ఉంటాయి, ఈ నాలుగింటిలో ఉండవు. దీన్ని పట్టడానికి పరాయి ప్రాసెసర్ అక్కరలేదు: ఎక్స్86-64లోనే క్యార్‌ను అన్‌సైన్డ్‌గా చూసే కంపైలర్ ఐచ్ఛికంతో బిల్డ్ చేస్తే 2 నిమిషాల్లో అవే 3 పరీక్షలు విఫలమయ్యాయి. ఎమ్యులేటర్ అమర్చే ఓపిక లేనివారు ఈ ఒక్క పనైనా ఈరోజే చేయవచ్చు.

లెక్క: 26 – 12 = 14.

దశాంశాల చివరి బిట్. సగటు, విచలనం లెక్కించే 2 పరీక్షలు ఆర్మ్64, రిస్క్-ఫైవ్, ఎస్390ఎక్స్‌లలో విఫలమయ్యాయి. 32-బిట్ ఆర్మ్‌లో నెగ్గాయి. ఈ తేడాయే కారణాన్ని చూపించింది. గుణించి కూడే పనిని ఒకే రౌండింగ్‌తో చేసే ఆదేశం ఆ మూడింటి మూల ఆదేశాల్లోనే ఉంది. ఎక్స్86-64 మూల ఆదేశాల్లోనూ, నేను వాడిన 32-బిట్ ఆర్మ్ లక్ష్యంలోని వీఎఫ్‌పీవీ3లోనూ అది లేదు. జీసీసీ తన అప్రమేయ అమరికలో రెండు క్రియలనూ ఒకటిగా కలపడానికి అనుమతిస్తుంది. ఫలితంగా చివరి బిట్ మారుతుంది. మొదట పరీక్షలో కొంత తేడాను సహించేలా మార్చాను. రెండు రోజుల తర్వాత ఆ మార్పును వెనక్కి తీసుకున్నాను, ఎందుకంటే ఆ విచలనం ఫైలులో నిలవ ఉంటుంది, దానిపై చెక్‌సమ్ ఉంటుంది. ఒకే డేటాకు రెండు యంత్రాలు రెండు వేర్వేరు ఫైళ్లు రాయడం లోపమే. గణాంకాలున్న ఒక్క ఫైలుకు మాత్రం ఈ కలపడాన్ని ఆపే ఐచ్ఛికం పెట్టాను. లైబ్రరీ మొత్తానికి పెట్టి ఉంటే మిగతా చోట్ల వేగం అనవసరంగా తగ్గేది.

లెక్క: 14 – 6 = 8.

వెడల్పు. మిగిలిన 8 వైఫల్యాలూ 32-బిట్ ఆర్మ్‌వే. నాలుగింటిలో రికార్డుల సంఖ్యను రికార్డు పరిమాణంతో గుణించిన ఫలితం 32 బిట్లు దాటింది. గుణించే ముందే హద్దును చూసేలా మార్చాను. రెండింటిలో ఫైలు స్థానం 2 జీబీ దాటింది. ఫైలు స్థానాలను 64 బిట్లకు పెంచే మ్యాక్రో బిల్డ్‌లో లేకపోవడమే కారణం. ఆఖరి 2 పరీక్షలు 2038 జనవరి 19 తర్వాతి సమయాలను చదివేవి; 32-బిట్ సమయం ఆ రోజుతో అయిపోతుంది. లినక్స్‌లోని సి లైబ్రరీ గ్లిబ్‌సీలో 2.34 నుంచి 32-బిట్ వ్యవస్థల్లోనూ 64-బిట్ సమయాన్ని మ్యాక్రోతో కోరవచ్చు, కానీ ఈ లైబ్రరీ బహిరంగ ఫంక్షన్లలో సమయం రకం నేరుగా కనిపిస్తుంది. దాని వెడల్పు మారితే, పాత బిల్డులతో లింకైన ప్రోగ్రాములు చెప్పకుండా చెడిపోతాయి.

లెక్క: 8 – 6 = 2. ఈ రెండింటినీ పక్కన పెట్టాను.

రిస్క్-ఫైవ్ లింక్. ఒక బైటు అటామిక్ చలరాశి కోసం జీసీసీ 12 బయటి సహాయక ఫంక్షన్‌ను పిలుస్తోంది. ఆ ఫంక్షన్ లిబ్‌అటామిక్‌లో ఉంటుంది. జీసీసీ 13 నుంచి ఈ చిన్న అటామిక్ క్రియలను కంపైలర్ అక్కడికక్కడే విస్తరిస్తుంది. "రిస్క్-ఫైవ్ అయితే లిబ్‌అటామిక్ చేర్చు" అని రాసిన నా మొదటి ప్యాచ్‌ను నిర్వాహకులు తిరస్కరించారు; అది సరైన నిర్ణయమే. ఒక బైటు అటామిక్ ప్రోగ్రామును లింక్ చేసి చూసి, విఫలమైతేనే లిబ్‌అటామిక్‌ను చేర్చే తనిఖీని రెండో ప్యాచ్‌లో పెట్టాను. ప్రాసెసర్ పేరు అందులో ఎక్కడా లేదు.

దశ 4: ఎమ్యులేటర్ చెప్పనివి

62లో 60 పోయాక నాలుగు చోట్లా దాదాపు పచ్చగుర్తు వచ్చింది. అయినా మొదట చెప్పిన మూడు ఫిర్యాదుల్లో ఒకటి అలాగే ఉంది: ఆర్మ్64లో, చాలా అరుదుగా, ఒక థ్రెడ్ (ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పాయ) రాసిన రికార్డు స్థానంలో మరో థ్రెడ్‌కు పాత బైట్లు కనిపిస్తున్నాయి. సంబంధిత పరీక్షను ఎమ్యులేటర్‌లో 2,000 సార్లు నడిపాను. ఒక్కసారీ విఫలం కాలేదు.

కారణం ఎమ్యులేటర్ కింద ఉన్న యంత్రంలో ఉంది. ఒక థ్రెడ్ చేసిన రెండు రాతలు ఇతర థ్రెడ్లకు అదే వరుసలో కనిపించాలని ఎక్స్86 మెమరీ నియమాలు హామీ ఇస్తాయి. ఆర్మ్, రిస్క్-ఫైవ్, పవర్ ప్రాసెసర్లు ఆ హామీ ఇవ్వవు. క్యూఎము ఆర్మ్64 ఆదేశాలను ఎక్స్86 ఆదేశాలుగా మార్చి నడుపుతుంది కాబట్టి, ఎక్స్86 బలమైన నియమాలు ఆ ప్రోగ్రాముకు ఉచితంగా దక్కుతాయి. ఆర్మ్ ఆదేశాలు నడుస్తున్నా, ఆర్మ్ మెమరీ ప్రవర్తన అక్కడ ఉండదు.

నిజమైన ఆర్మ్64 యంత్రం కోసం జీసీసీ కంపైల్ ఫార్మ్‌ను ఆశ్రయించాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారికి అది రకరకాల ప్రాసెసర్ల యంత్రాలపై ఖాతాలు ఇస్తుంది. అక్కడ అదే పరీక్షను 2,000 సార్లు నడిపితే 3 సార్లు విఫలమైంది. రికార్డును రాసి, "సిద్ధం" అనే అటామిక్ గుర్తును రిలాక్స్‌డ్ క్రమంలో (వరుసకు ఏ హామీ అడగకుండా) పెడుతున్నాం. రికార్డు కన్నా గుర్తు ముందే కనిపిస్తోంది. ఆ వరుసకు హామీ ఇచ్చే రిలీజ్‌ను రాసేవైపు, అక్వైర్‌ను చదివేవైపు పెట్టాక 20,000 సార్లలో వైఫల్యాలు సున్నా. ఆ తర్వాత పాత కోడును ఎక్స్86-64లో థ్రెడ్ శానిటైజర్‌తో (థ్రెడ్ల మధ్య ఘర్షణలను పట్టే కంపైలర్ తనిఖీతో) నడిపి చూశాను. మొదటి పరుగులోనే తప్పున్న కోడు వరుసను చూపించింది. అది క్రమపు నియమాలను తర్కంతో చూస్తుంది, యంత్రం అదృష్టంపై ఆధారపడదు. దాన్ని ముందే నడిపి ఉంటే తొమ్మిది రోజులు మిగిలేవి.

ఇలాగే ఎమ్యులేటర్ మౌనంగా వదిలేసినవి మరో రెండు. మెమరీలోకి ఫైలును మ్యాప్ చేసే కోడులో పేజీ పరిమాణం 4,096 అని నేరుగా రాసి ఉంది. ఫార్మ్‌లో 64 కేబీ పేజీలతో నడిచే ఒక పవర్ యంత్రంలో ఆ పిలుపు వెంటనే విఫలమైంది. పరిమాణాన్ని వ్యవస్థనే అడిగేలా మార్చాను. సరిహద్దు కుదరని చిరునామాల నుంచి చదివే చోట్లు 7 ఉన్నాయి. వాటిని ఎక్స్86 భరిస్తుంది కాబట్టి ఎమ్యులేటర్ కూడా భరించింది. అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్‌లోని అలైన్‌మెంట్ తనిఖీ వాటన్నిటినీ చూపించింది.

ఎమ్యులేటర్‌లో ఆగిపోయిన ప్రోగ్రామును పరిశీలించే పద్ధతి:

1. పరీక్షను డీబగ్ సమాచారంతో బిల్డ్ చేయాలి.
2. ఎమ్యులేటర్‌ను "జి" ఐచ్ఛికంతో, ఒక పోర్టు సంఖ్య ఇచ్చి నడపాలి. ప్రోగ్రాము మొదటి ఆదేశం దగ్గరే ఆగి వేచి ఉంటుంది.
3. బహుళ ప్రాసెసర్లు తెలిసిన జీడీబీ డీబగ్గర్‌ను తెరిచి, అందులో సిస్‌రూట్ దారిని చెప్పి, ఆ పోర్టుకు కలపాలి.

మూడో అడుగులో సిస్‌రూట్ చెప్పకపోతే లైబ్రరీల పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి.

దశ 5: రోజువారీ పరుగులు, ప్యాచ్‌ల విభజన

ఇదంతా 43 ఫైళ్లను తాకే ఒకే ప్యాచ్‌గా పంపడం నా పొరపాటు. మూడు వారాలు ఎవరూ దాన్ని తెరవలేదు, తెరిచినవారు సమీక్షించడం సాధ్యం కాదని రాశారు. దాన్ని 11 ప్యాచ్‌లుగా విడగొట్టాను: ముందు ప్రవర్తన మారని టూల్‌చెయిన్ ఫైళ్లు, తర్వాత లోపాన్ని చూపే పరీక్ష ఒకటి, ఆ వెంటనే దాని సవరణ. విఫలమయ్యే పరీక్ష కళ్లెదుట ఉన్నప్పుడు సవరణ గురించి చర్చ పెద్దగా జరగలేదు. 5 వారాల్లో 11లో 10 చేరాయి.

సమయ పరిమితులు మరో చిక్కు. ప్రతి పరీక్షకు 10 సెకన్ల హద్దు ఉంది. ఎమ్యులేటర్‌లో 4 పరీక్షలు దాన్ని దాటేవి. హద్దును అందరికీ 100 సెకన్లు చేశాను. మరుసటి వారం నిజంగా వేలాడిపోయిన ఒక పరీక్ష ప్రతి పరుగులోనూ 100 సెకన్లు తినేసింది. ఇప్పుడు ఎక్స్86-64లో పాత 10 సెకన్లే ఉన్నాయి, ఎమ్యులేటర్ పరుగుల్లో మాత్రమే ఐదు రెట్లు.

ఒక ఉదయం కోడులో ఏ మార్పూ లేకుండా 6 పరీక్షలు కూలిపోయాయి. కంటెయినర్ ఇమేజ్‌ను "తాజాది" అనే పేరుతో తెచ్చుకుంటున్నాం, ఆ రాత్రి అందులోని ఎమ్యులేటర్ వెర్షన్ మారింది. అప్పటి నుంచి ఇమేజ్‌ను దాని డైజెస్ట్‌తోనే (విషయాన్ని బట్టి లెక్కించే మారని గుర్తుతోనే) పేర్కొంటున్నాను. వెర్షన్ మార్చడం కూడా ఒక ప్యాచ్‌గానే వస్తుంది.

ప్రస్తుత అమరిక ఇది.

– ప్రతి మార్పుకూ: ఎక్స్86-64 మామూలుగా, అన్‌సైన్డ్ క్యార్‌తో, రెండు శానిటైజర్లతో విడివిడిగా, ఎస్390ఎక్స్ క్రాస్ బిల్డ్, ఎమ్యులేటర్ పరీక్షలు.
– రాత్రికి ఒకసారి: ఆర్మ్64, 32-బిట్ ఆర్మ్, రిస్క్-ఫైవ్ ఎమ్యులేటర్‌లో.
– వారానికి ఒకసారి: థ్రెడ్ పరీక్షలు నిజమైన ఆర్మ్64, పవర్ యంత్రాల్లో, నేనే ప్రారంభించి.

పాత కంపైల్ ఫలితాలను తిరిగి వాడే సీక్యాష్‌తో కలిపి ఒక మార్పుకు పట్టే సమయం 38 నిమిషాల నుంచి 9 నిమిషాలకు వచ్చింది. పరుగుల పేర్లు కూడా మార్చాను: "ఆర్మ్64" అని ఉన్నది ఇప్పుడు "ఆర్మ్64, ఎమ్యులేటర్, మెమరీ క్రమం పరీక్షించబడదు" అని కనిపిస్తుంది. పేరు పొడవైందని ఒకరు అన్నారు. ఆ పచ్చగుర్తును చూసి కొత్త వెర్షన్ విడుదల చేసేవారికి దాని హద్దు తెలియాలి కాబట్టి అలాగే ఉంచాను.

ఇప్పటి స్థితి

– మొదటి వైఫల్యాలు: 62; మిగిలినవి: 2
– ఎమ్యులేటర్ చూపని లోపాలు: థ్రెడ్ క్రమం 1, పేజీ పరిమాణం 1, అలైన్‌మెంట్ 7, అన్నీ సరిచేశాం
– చేరిన ప్యాచ్‌లు: 10, సమీక్షలో ఉన్నది: 1

సమీక్షలో ఉన్న 11వ ప్యాచ్ 2038 పరీక్షలది. పాత ఫంక్షన్లను అలాగే ఉంచి, సమయాన్ని ఎప్పుడూ 64-బిట్ పూర్ణాంకంగా తీసుకునే కొత్త ఫంక్షన్లను వాటి పక్కన చేరుస్తుంది. అప్పటివరకు ఆ 2 పరీక్షలను దాటవేయడం లేదు. 32-బిట్ ఆర్మ్‌లో అవి విఫలమవుతాయని పరీక్షలను నడిపే సీటెస్ట్‌లో ముందే ప్రకటించాను. ఆ ప్యాచ్ చేరి అవి నెగ్గిన రాత్రి ఆ పరుగు ఎర్రగా మారి, ప్రకటనను తొలగించమని అడుగుతుంది.